మా బావ కుడి భుజం

మొన్న ఆదివారం మా అమ్మ ఒక విచిత్రమైన వస్తువుతో పొయ్యి మీది అన్నం గిన్నె దింపుతుంటే చూశాను. మందపాటి తోలు, మనిషి అరచేతికి మూడింతలు వెడల్పు, వేళ్ల మధ్య తోలు తాళ్ల అల్లిక, ఒకప్పటి ఎరుపు మీద ఇప్పటి మసి. మసిగుడ్డతో పట్టుకుంటే చేతులు కాలుతున్నాయని సజ్జ మీది పాత సంచిలోంచి తీసిందట. రెండు నెలలుగా దీనితోనే దింపుతోందట, ఇంత పనికొచ్చే వస్తువును ఇన్నేళ్లు పైన పడేసినందుకు నన్ను తిట్టుకుంటోందట. అమ్మా, అది బేస్‌బాల్ ఆటలో క్యాచర్ తొడుక్కునే గ్లౌజు, దాన్ని తొడుక్కొని నీ కొడుకు ఊరూరి మట్టి తిన్నాడు అని చెబుదామనుకున్నాను గాని, వేడి గిన్నె చేతిలో ఉన్న మనిషికి చరిత్ర చెప్పకూడదు. గిన్నె కింద పెట్టి, గ్లౌజును అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మీ బావ దుబాయి నుంచి పంపిందా?" అని ఆమే అడిగింది. కాదన్నాను. ఆ తర్వాత అన్నం సయించలేదు.

నాకింకా ముప్పై నాలుగు నిండలేదు. ఈ వయసులో జ్ఞాపకాలు రాసుకోవడమంటే ఉద్యోగం దొరక్కముందే పెన్షనర్ల సంఘంలో సభ్యత్వం తీసుకున్నట్టుంటుందని నాకూ తెలుసు. కాని నాతో చదువుకున్నవాళ్లలో సగంమందికి పొట్ట వచ్చింది, మిగతా సగంమందికి జుట్టు పోయింది, అదృష్టవంతులకు రెండూ జరిగాయి. కనుక మనం కూడా "ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే అర్హత సంపాదించామనే అనుకుంటున్నాను.

మా మేనత్తది ఎల్లారెడ్డి. మామ మస్కట్‌లో తాపీ పని చేస్తూ రెండేళ్లకోసారి ఒక కంబళీ, రెండు సెంటు సీసాలు, కొత్తగా వచ్చిన ఒక దగ్గు వెంటబెట్టుకొని వచ్చేవాడు. అత్త బీడీలు చేసేది. పొద్దున వాకిలి ఊడ్చి, ఒళ్లో చాట పెట్టుకొని కూర్చుందంటే పొద్దుగూకేదాకా ఆకు, తంబాకు, దారం, ఇవే ఆమె లోకం. ఆమె ఒక్కగానొక్క కొడుకు మా బావ, నాకంటే ఏడు నెలలు పెద్ద. ఆ ఏడు నెలల పాపానికి నేను బతికినన్నాళ్లూ వాణ్ని బావా అనాలి, వాడు నన్ను బామ్మర్దీ అనాలి. చిన్నప్పటి నుంచీ తల్లి పక్కన కూర్చొని బీడీల మూతులు మడిచి మడిచి వాడి వేళ్ల కొసలకు ఒక ప్రత్యేకమైన తెలివి వచ్చింది. కళ్లు మూసుకొని ఆకును తడిమి ఈనె ఎటు పోతుందో చెప్పేవాడు. ఈ విద్య వల్ల లోకానికి ఏం ఉపయోగమో అప్పట్లో మాకెవరికీ తోచలేదు.

బావా బామ్మర్దుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా వైపు ఈ ఇద్దరి మధ్యా పరాచికం తప్ప ఇంకో మాట ఉండదు. పెళ్లిలో వాడి ముఖానికి పసుపు పూస్తే అది మర్యాద, వాడి చాయలో ఉప్పు వేస్తే అది ప్రేమ. సెలవు మీద ఊరికొచ్చిన మామకు ఒకసారి కామెర్లు వచ్చి మనిషి గుర్తుపట్టలేనట్టయితే, మా బాపు నలభై కిలోమీటర్లు బస్సులో కుదుపులు తింటూ పోయి, మంచం పక్కన నిలబడి, "ఏం బావా, ఉన్నవా, పోయినవా? నేను ఛుట్టీ పెట్టుకొని వచ్చిన, ఏదన్నొకటి తేల్చు" అన్నాడు. మామ ఆ నీరసంలోనే నవ్వాడు. బాపు బయటికొచ్చి గోడ చాటున కళ్లు తుడుచుకున్నాడు. ఈ రెండో ముక్క బావలకు చూపించరు. అది ఆచారం.

డిగ్రీకని బావ కామారెడ్డిలో మా ఇంటికొచ్చాడు. కాలేజీలో క్రికెట్టుకు మేమిద్దరం ప్రయత్నించాం, మమ్మల్ని నీళ్ల సీసాల విభాగానికి కేటాయించారు. అలా సీసాలు మోస్తూ తిరుగుతున్న మమ్మల్ని పీడీ సార్, అంటే కాలేజీ ఆటల సారు, పట్టుకున్నారు. ఆయనకు బేస్‌బాల్ అంటే పిచ్చి. ఆ ఆట ఎవరైనా ఆడగా ఆయన చూశారో లేదో నాకిప్పటికీ అనుమానమే గాని, రూళ్ల పుస్తకం మాత్రం కంఠతా వచ్చు. "తొమ్మిదిమంది కావాలెరా, ఏడుగురే దొరికిన్రు. మీరిద్దరొస్తే టీము, రాకుంటే నా నౌకరి లొల్లి" అన్నారు. ఒక మనిషి ఉద్యోగం కాపాడే ఉద్దేశంతో మేం క్రీడాకారులమయ్యాం.

గ్రౌండు మధ్యలో సార్ ఒక ట్రాక్టరు మొరం పోయించి చిన్న దిబ్బ కట్టించారు. పొద్దున మేం వెళ్లేసరికి దాని మీద ఒక కుక్క పడుకొని ఉండేది, అది లేచాకే ఆట. ఆ దిబ్బ మీద నిలబడి బంతి విసిరేవాడు పిచ్చర్. ఎదురుగా బ్యాటు పట్టుకొని నిలబడ్డవాడి వెనక గొంతు కూర్చొని ఆ బంతి పట్టేవాడు క్యాచర్. సార్ అందరి చేతికీ బంతి ఇచ్చి చూశారు. బావ బంతిని తీసుకొని, దాని మీది ఎర్ర కుట్లను వేళ్ల కొసలతో ఒకసారి తడిమాడు, అచ్చం ఆకు ఈనెను తడిమినట్టే. తర్వాత విసిరాడు. నేరుగా వస్తున్న బంతి బ్యాటు దగ్గరికి రాగానే ఏదో మరిచిపోయినట్టు పక్కకు మళ్లి కిందికి దిగిపోయింది. సార్ రూళ్ల పుస్తకం మూసేశారు. ఆ బంతికి ఎదురుగా కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు కనుక నేను క్యాచర్‌నయ్యాను. ఎంపిక అంటారు దీన్ని.

క్యాచర్‌కు ఒక హక్కుంది. పిచ్చర్ తడబడుతున్నాడనిపిస్తే ఆట ఆపించి, దిబ్బ దాకా నడిచి వెళ్లి, వాడితో రెండు మాటలు మాట్లాడి రావచ్చు. చూసేవాళ్లకు అక్కడేదో యుద్ధ వ్యూహం నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మా వ్యూహాలు ఇప్పుడు బయటపెట్టినా నష్టం లేదు. యూనివర్సిటీ జట్టుకు ఎంపికల రోజున బావ గురి తప్పి, వరసగా ముగ్గురిని ఉత్తపుణ్యానికి బేసుల మీదికి, అంటే బంతి కొట్టకుండానే పరుగు గళ్లకు, పంపాడు. సార్ తల పట్టుకున్నారు. నేను తీరిగ్గా నడిచి వెళ్లి, గ్లౌజు నోటికి అడ్డం పెట్టుకొని, "బావా, మొన్న మీ ఇంట్ల తిన్న కోడి మీ పక్కింటామెదట. ఆమె కట్టె వట్టుకొని బస్టాండు కాడ కూసున్నది, నిన్ను దంచెటందుకే" అని చెప్పి వచ్చాను. వాడు నవ్వు ఆపుకోలేక కాసేపు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చిన ముగ్గురికి ముగ్గురినీ బ్యాటుకు బంతి తగలనివ్వకుండా ఇంటికి పంపాడు. సాయంత్రం సార్ నన్ను పక్కకు పిలిచి, వాడికేం చెప్పావురా అని అడిగితే టెక్నిక్ సార్ అన్నాను. ఆయన దాన్ని గౌరవంగా నోటు పుస్తకంలో రాసుకున్నారు.

అప్పటి నుంచీ అది నా ఉద్యోగమైంది. యూనివర్సిటీ జట్టులో, ఆ తర్వాత రాష్ట్రం జట్టులో బావ వెంట నేనూ వెళ్లానంటే నా ఆట గొప్పదని కాదు, నేను లేకపోతే వాడు నవ్వడని. డిగ్రీ అయిపోయాక కూడా మూడు నాలుగేళ్లు రైళ్లలో బాత్రూముల పక్కన పడుకొని, పులిహోర పొట్లాలు తిని, ఎక్కడ పోటీలుంటే అక్కడికి పోయాం. నేను విత్తనాల దుకాణంలో కూర్చొనేవాణ్ని, బావ పొద్దంతా ఎల్లారెడ్డి రైసుమిల్లులో పని చేసి సాయంత్రం గోడకు బంతి విసురుకొనేవాడు. వాడికి ఒకటే కోరిక. మామ ఇరవై ఏళ్లు తాపీ పట్టిన ఆ ఎడారి దేశాలకు తాను బంతి పట్టుకొని పోవాలి, ఆ ఆటతోనే మామను వెనక్కి తెచ్చుకోవాలి. దుబాయ్‌లో కొత్తగా పెద్ద లీగు పెడుతున్నారనీ, అమెరికాలో మేజర్ లీగులు ఆడినవాళ్లు సైతం అక్కడికి దిగుతున్నారనీ, మన దేశం నుంచి కూడా ఇద్దరు ముగ్గురిని తీసుకుంటారనీ సార్ చెప్పిన రోజు నుంచీ వాడికి కంటి మీద కునుకు లేదు. ఆ ఎంపిక చేసేవాళ్లు జాతీయ పోటీలకు వచ్చి కూర్చుంటారట.

ఆ పోటీలు మహారాష్ట్రలో ఒక ఊళ్లో. మాకు పిచ్చర్ అంటే బావ ఒక్కడే. రెండోవాడు పేరుకు ఉన్నాడు గాని, వాడు విసిరితే మాకే భయం. పిచ్చర్ ఒకరోజు ఆడితే నాలుగు రోజులు భుజానికి విశ్రాంతి ఇవ్వాలని రూళ్ల పుస్తకంలో లేదు కనుక సార్‌కు తెలియదు, మాకు అసలే తెలియదు. బావ మూడు రోజులు వరసగా విసిరాడు. మూడో రోజు ఆట సగం దాటాక నా గ్లౌజులో ఏదో మార్పు తెలిసింది. బావ బంతి పడితే ఎప్పుడూ ఎండుకట్టె విరిగినట్టు ఠప్పుమనేది. ఆ వేళ తడిబట్ట పడ్డట్టు మెత్తగా పడుతోంది. నేను లేచి దిబ్బ దగ్గరికి నడిచాను. తాటాకు పందిరి కింద దుబాయ్ నుంచి ఎంపికకు వచ్చిన తెల్ల టోపీలవాళ్లు నలుగురు కూర్చొని ఉన్నారు.

బావ నేను నోరు తెరవకముందే అన్నాడు, "బామ్మర్ది, జర నవ్వకు. భుజం నొస్తుంది. లోపల ఏదో తెగినట్టయింది."

వాడి పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఇన్నేళ్లలో వాడు నాకు ఒక బాధ చెప్పడం అదే మొదలు. బావలు బామ్మర్దులకు బాధలు చెప్పరు, చెప్పినా వినేవాడికి ఏం చేయాలో తెలియదు. నాకు తెలిసిన పని ఒక్కటే, అదే చేశాను. "మా అత్త పొద్దుగాల్ల చాట ముంగట కూసుంటే దీపాలు వెట్టేదాక లేవది, ఆమె భుజానికి లేని నొప్పి నీకెట్లొచ్చింది బావా? గింత నాజూకైతే చీర కట్టుకో, కట్నం లేకుంట నేనే చేసుకుంట" అన్నాను. వాడు నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. ఆ చూపుకు అర్థం అప్పుడు నేను వెతకలేదు. తర్వాత, నవ్వాడు. నిజంగానే నవ్వాడు, టోపీ సర్దుకొని, "పోరా, పోయి కూసో" అన్నాడు.

ఆ తర్వాత వాడు విసిరిన బంతుల గురించి సార్ ఇప్పటికీ చెబుతుంటారు. చప్పుడు మళ్లీ ఠప్పుమంది. ఎక్కడి నుంచి తెచ్చాడో ఆ బలం, నాకు తెలియదు. ఆట గెలిచాం. తెల్ల టోపీలవాళ్లు వచ్చి వాడితో చేయి కలిపారు. కుడిచేయి పట్టి ఊపుతుంటే బావ మొహం ఎలా పెట్టాడో నేను చూశాను. చూసి కూడా, దుబాయ్‌వాళ్ల చేయి దొరికితే ఏడుస్తున్నావేంది అన్నాను.

నెల తిరక్కుండా ఎంపికైనట్టు ఫోను వచ్చింది. ఎల్లారెడ్డిలో గల్ఫుకు పోవడం వింత కాదు, ఇంటికొకరు అక్కడే ఉంటారు. కాని ఈ రకంగా పోయేవాణ్ని వాళ్లెన్నడూ చూడలేదు. వాకిట్లో చేరినవాళ్లందరిదీ ఒకటే విచారణ.

"ఏం పని బిడ్డా?"

"బాలు ఇసురుడు, పెద్దవ్వా."

"ఇసిరి?"

"గంతే."

"ఏరుకొచ్చుడు గూడ నువ్వేనా, దానికి ఇంకోడున్నడా? శుక్కురవారం ఛుట్టీ ఇస్తరా?"

బస్టాండులో అత్త వాడి సంచిలో సకినాలు కూరుతుంటే, నేను పాస్‌పోర్టు మేస్త్రీ చేతికియ్యకు బావా అని ఆఖరి పరాచికం ఆడాను. వాడు ఎడమచేత్తో నా నెత్తిన ఒకటి ఇచ్చి బస్సెక్కాడు. ఎడమచేయి ఎందుకని నాకు ఆ రోజు తట్టలేదు.

మొదటి ఆట ఒక సాయంత్రం అత్త ఇంట్లో ఫోనులో చూశాం. ఫోనును చెంబుకు ఆనించి పెట్టాం. అత్త ఒళ్లో చాట, చేతులు ఆగకుండా బీడీలు, చూపు మాత్రం ఫోను మీద. బావ చివర్లో దిగాడు. ముగ్గురు వచ్చారు, ముగ్గురూ వెనక్కి పోయారు. దీపాల వెలుగులో ఆ స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. మా కంఠాలు బొంగురుపోయాయి. అత్త దారం కొరికి, "అయిపోయిందా? గింతదానికేనా గంత దూరం పోయిండు?" అన్నది గాని ఆ రోజు ఆమె కట్టిన బీడీ కట్టలన్నీ వంకరే.

రెండో ఆటలో వాడు దిబ్బ ఎక్కగానే నాకు తెలిసింది. విసిరే ముందు బంతిని తడమలేదు, భుజం తడుముకున్నాడు. మొదటి బంతికి మొహం ముడుచుకుంది. రెండో బంతి తర్వాత ఆగి, క్యాచర్ వైపు చూశాడు, చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తెలుసు. అక్కడి క్యాచర్ ఎవరో ఆరడుగుల పరదేశి, పాపం అతనికేం తెలుసు, కూర్చున్నచోటే కూర్చొని వేళ్లతో సైగ చేశాడు. "లేచి పోరా, పోయి అడుగు వాణ్ని, ఏమైందో అడుగు" అని నేను ఫోను మీద అరుస్తున్నాను. అత్త బెదిరిపోయి "ఎవల్ని తిడుతున్నవ్‌రా అల్లుడా?" అంటోంది. బావ విసిరాడు. బంతి పది అడుగుల ముందే నేల మీద పడి దొర్లింది. వాడి చేయి, ఎవరో తగిలించిన చొక్కాలాగా, పక్కన వేలాడింది.

అక్కడే ఆపరేషన్ చేశారు. ఆటగాడి చేయి కాదు గాని అన్నం తినే చేయి మిగిలింది. ఏడాది చూసి లీగువాళ్లు వాడి చోట ఇంకొకర్ని తీసుకున్నారు. ఉత్తచేతులతో రావడం ఇష్టంలేక వాడు అదే స్టేడియంలో సామాన్ల గదికి కాపలా పనిలో కుదిరి, రెండేళ్లపాటు ఇతరుల బంతులు తుడిచి సంచుల్లో సర్దాడు. మామ మస్కట్‌లో, వాడు దుబాయ్‌లో. తెచ్చుకోవాలనుకున్న మనిషికి తోడు తానూ అక్కడే ఉండిపోయాడు. చివరికి మామ నడుము పూర్తిగా వంగిపోయాక ఇద్దరూ ఒకే నెలలో తిరిగొచ్చారు.

బావ వచ్చిన వారానికి చూడ్డానికి వెళితే వాడు ఇంట్లో లేడు. అత్త చాట పక్కన పెట్టి నాకు చాయ పోస్తూ చెప్పింది. "దుబాయి డాక్టరు అన్నడట అల్లుడా, ఇది నిన్నటిది గాదు, నెలల కిందనే చినిగింది, గప్పుడే నాలుగు నెలలు చెయ్యి ఆపితే మంచిగయ్యేదని. మరి నొచ్చినప్పుడు ఎవలకన్న చెప్పినవారా కొడుకా అంటే, ఎవ్వలకు జెప్పలే అవ్వా అన్నడు. సూడు, నీకన్న చెప్పకపాయె."

నేను చాయ తాగాను. చాలా వేడిగా ఉంది, ఊదుకోకుండా తాగేశాను. ఆ రోజు చెప్పనిది ఈ నాలుగైదేళ్లలో అత్తకు చెప్పనేలేదు.

బావ ఎల్లారెడ్డి పెద్ద రోడ్డు మీద చెప్పుల దుకాణం పెట్టాడు. పెళ్లయింది, ఒక పాప. మేం కలుస్తూనే ఉంటాం, కాని మాట మారిపోయింది. ఆ మధ్య నాగిరెడ్డిపేటలో ఒక పెళ్లిలో పెద్దమనుషులు మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఏదైనా తమాషా జరుగుతుందని చూశారు. నేను వాన సంగతి అడిగాను, వాడు ఎరువుల రేటు అడిగాడు. "ఏందిరా, బావా బామ్మర్దులు బ్యాంకు మేనేజర్ల లెక్క కూసున్నరు" అని ఒక ముసలవ్వ నవ్వుతూ మా ఇద్దరి మొహాలకూ తానే పసుపు పూసిపోయింది. ఇద్దరం రుమాళ్లు తీసి మర్యాదగా తుడుచుకున్నాం. లోకంలో ప్రతి విషయాన్నీ ఎగతాళి చేస్తానని పేరున్నవాణ్ని నేను. వాడి ముందు మాత్రం నాలుక తిరగదు.

అన్నం సయించని ఆ ఆదివారం తెల్లారి, అమ్మకు చెప్పులు కొనాలన్న వంకతో ఎల్లారెడ్డి బస్సెక్కాను. దుకాణంలో ఎవరూ లేరు. ఆ సైజు పెట్టె తలకు జానెడు పైన ఉన్న అరలో ఉంది, బడికి పోయే పిల్లైనా ఎగిరి అందుకోగలదు. బావ స్టూలు జరిపి, దాని మీదికెక్కి, భుజం లేపకుండా పెట్టె తీసి, మెల్లగా దిగాడు. అది వాడికి అలవాటైపోయిన పని, నా వైపు చూడను కూడా చూడలేదు.

"బావా, భుజం ఎట్లున్నది?" అన్నాను.

వాడు పెట్టె మూత తీస్తూ ఆగాడు. నేనింకేదో కలుపుతానని ఎదురుచూశాడనుకుంటాను. నేనేమీ కలపలేదు.

"నొస్తది" అన్నాడు. "సలికాలం ఆ పక్కకు పండరాదు."

"ఆ రోజు నాకు చెప్పినవ్."

"ఆఁ. చెప్పిన."

కోపం లేదు, నిష్ఠురం లేదు. సైజు అడిగితే చెప్పినట్టు చెప్పాడు. చెప్పులు సంచిలో వేసి ఇచ్చి, చాయ తాగుతావా అని అడిగాడు. తాగాను. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద పోయేవాళ్ల కాళ్లు చూస్తూ ఇద్దరం కూర్చున్నాం.

ఇప్పుడు మా కాలేజీ గ్రౌండులో ఆడపిల్లలు కూడా బేస్‌బాల్ ఆడుతున్నారు. ఎవరెన్ని బంతులు విసిరారో ఫోనులో ఎక్కించుకునే కోచ్ ఉన్నాడు, ఇన్ని దాటితే దిగిపోవాలని గట్టి నియమం ఉంది, పిల్ల ఒక్కసారి భుజం పట్టుకుంటే నలుగురు ఐసు సంచులతో ఉరుకుతారు. మంచిదే, అలాగే ఉండాలి. మా రోజుల్లో దిబ్బ దాకా నడిచి వెళ్లి ఏమైందని అడిగే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే.